తిరిగే మిషనా, ఊగే మిషనా?

విజయవాడ ఆటోనగర్‌లో పక్కపక్కన రెండు షెడ్లు. ఒకదాంట్లో టింకరింగ్, పెయింటింగ్ చేస్తారు. అది స్ప్రే గన్ను పట్టీ పట్టీ జుట్టు నెరిసిన మేస్త్రిది. రెండోదానికి ‘కార్ డిటైలింగ్’ అని బోర్డు, లోపల గోడల నిండా తెల్లటి ఎల్‌ఈడీ లైట్లు. అది కుర్రాడిది. ఇద్దరి మధ్యా ఇప్పుడు ఏడేళ్ల నల్ల సెడాన్ ఒకటి నిలబడి ఉంది. ఎండలో పెడితే కనిపించే సాలెగూడు గీతలు పోవాలి, ఆ పైన సిరామిక్ కోటింగ్ పడాలి, ఇదీ యజమాని కోరిక. ఎడమ వెనక డోరుకి సొట్ట ఉండడంతో ఆ ఒక్క డోరూ ముందు మేస్త్రి షెడ్డుకు వెళ్లి, కొత్త పెయింటు వేయించుకుని వచ్చింది. మిగతా బండికి ఏ మిషను పెట్టాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. రోటరీ పట్టినవాళ్లకీ ఆర్బిటల్ పట్టినవాళ్లకీ ఈ తగవు కొత్తది కాదు. కాకపోతే ఇద్దరూ పని తెలిసినవాళ్లు కాబట్టి ఉబుసుపోక వాదన కాలేదు.

మేస్త్రి: ఏంట్రా అబ్బాయ్, పొద్దుట్నుంచీ ఆ బానెట్ దగ్గరే ఉన్నావు! నా రోటరీ ఇస్తా పట్టుకో. ఉన్ని ప్యాడ్ వేసి, కాంపౌండ్ పెట్టి తిప్పితే మధ్యాహ్నం భోజనానికి ముందే బండంతా అయిపోద్ది.

కుర్రాడు: అయిపోద్ది బాబాయ్. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు బానెట్ మీద వంపులు తిరిగిన మెరుపు చారలు కూడా కనిపిస్తాయి. తెల్ల బండైతే ఎవరికీ తెలియకపోను. ఇది నలుపు, ఏదీ దాచుకోదు.

మేస్త్రి: చారలు మిషను వేయదురా, చెయ్యి వేస్తుంది. మా షెడ్డులో కొత్తగా చేరినవాడికి ఏడాది దాకా మిషను ఇవ్వను. వాటర్ పేపరు రుద్దడం, టేపు అంటించడం, అంతే. ప్యాడు ఎంత వంచాలో, ఎక్కడ బరువు తగ్గించాలో చూసి చూసి నేర్చుకోవాలి. మీరేమో మిషను కొన్న రోజే బోర్డు పెడతారు.

కుర్రాడు: ఆ దెబ్బ నాకు తగల్లేదులే, నాకు పేపరు రుద్దడం నేర్పింది నువ్వే. కానీ చెయ్యి ఎంత మంచిదైనా మిషను తిరిగే తీరు మారదు కదా. నీ రోటరీకి ఒకటే ఇరుసు. ప్యాడు ఆ ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది. కాంపౌండులో ప్రతి రవ్వా ఒకే వైపుకి వంపు గీత గీస్తూ పోతుంది. వాటి పక్కనే ఇంకో వరస, అదే వైపుకి. ఎండ సరైన కోణంలో పడితే ఆ గీతలన్నీ ఒక్కసారి మెరుస్తాయి, నువ్వు కదిలితే చార కూడా నీతోపాటు కదులుతుంది. హోలోగ్రాం అనేది అందుకే. నా మిషనులో ఇరుసు మధ్యలో ఉండదు, కాస్త పక్కకి జరిపి ఉంటుంది. ప్యాడు చిన్న సున్నాలు చుడుతూ ఊగుతుంది, ఆ ఊగుడుతోనే తన చుట్టూ తాను కూడా తిరుగుతుంది. రవ్వ ఒకసారి పోయిన దారిలో మళ్లీ పోదు. గీతలు దీనికీ పడతాయి, పడవని నేననను. అవి అన్ని దిక్కులకీ, సన్నగా పడతాయి కాబట్టి కంటికి చార కట్టవు.

మేస్త్రి: మరి ఈ సాలెగూళ్లు గుండ్రంగా ఉన్నాయి కదా, ఇవి ఏ మిషను వేసింది? ఎవడో గుండ్రంగా తుడిచాడు, అంతేగా!

కుర్రాడు: గుండ్రంగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ లేవు బాబాయ్. ఇదిగో టార్చి చూడు. వెలుగు చుట్టూ గూడు కనిపిస్తోందా? టార్చి జరిపితే గూడు కూడా జరిగింది. గీతలు అడ్డదిడ్డంగా బండంతా ఉన్నాయి. వెలుగు పడ్డ చోటికి అడ్డంగా ఉన్నవే మన కంటికి మెరుస్తాయి, అవన్నీ కలిసి గుండ్రంగా తోస్తాయి. ఇవి మిషను గీతలు కావు. పొద్దున్నే వాచ్‌మన్ పొడిగుడ్డతో దులిపిన గీతలు.

(ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మన ఊళ్లలో కారు పెయింటుకి అతి పెద్ద శత్రువు యాక్సిడెంటు కాదు, తెల్లారగట్ల అపార్టుమెంటు సెల్లారులో దుమ్ము మీద ఆడే పొడిగుడ్డ. దాని తర్వాతి స్థానం బోరు నీళ్లది. కడిగి ఎండలో ఆరనిస్తే సున్నపు మరకలు పెయింటులోకి కరుచుకుంటాయి.)

మేస్త్రి: సరే, టార్చి విద్య బాగుంది. నీ మిషను కోయదు, ఊగుతుంది. దాని సంగతి చెప్పు. లోతు గీత తీయాలంటే కోయాలి.

కుర్రాడు: లెక్క వేద్దాం. నీ ప్యాడు ఆరంగుళాలు, అంటే నూట యాభై మిల్లీమీటర్లు. పదిహేను వందల ఆర్‌పీఎంలో పెడతావు. దాని అంచు నిమిషానికి ఏడొందల మీటర్లు పరిగెడుతుంది. మధ్యలో మాత్రం దాదాపు కదలదు. అందుకే నువ్వు ప్యాడుని ఒక పక్కకి వంచి అంచుతో పని చేయిస్తావు. నాది రూపెస్ వాళ్ల రకం, ఇటలీది, ఊగుడు ఇరవై ఒక్క మిల్లీమీటర్లు. నిమిషానికి నాలుగు వేల రెండొందలు ఊగితే ప్యాడులో ప్రతి చోటూ రెండొందల డెబ్బై మీటర్ల పైచిలుకు పోతుంది. అంచైనా, మధ్యైనా అంతే. పాత పోర్టర్ కేబుల్ రకం ఎనిమిది మిల్లీమీటర్లే ఊగేది, ఆరు వేలు ఊగినా నూట యాభై మీటర్ల దగ్గరే ఆగేది. అప్పట్లో ఇది కోయదు అన్నవాళ్లది తప్పు కాదు.

మేస్త్రి: ఇప్పుడూ తప్పు కాదుగా! నీ లెక్కలోనే నాది రెండున్నర రెట్లు పోతోంది.

కుర్రాడు: అంచు దగ్గర పోతోంది. ఆ వేగమంతా అరచేయంత చోటు మీదే పడుతోంది, ఆ వేడి కూడా అక్కడే. ఇస్త్రీపెట్టె చీర మీద ఆపితే ఏమవుతుందో అదే, ఆపకుండా నడిపితే పనవుతుంది, రెండు క్షణాలు ఆగితే మచ్చ. నా మిషను మీద ఎవడైనా ఫోను ఎత్తి మాట్లాడుతూ ఆగినా పెయింటు అంత తేలిగ్గా కాలదు.

మేస్త్రి: ఫోను మాట్లాడేవాడికి మిషను ఇవ్వడమే తప్పు.

కుర్రాడు: అది సరే. మరి బంపరో? రేకు అయితే వేడిని పక్కకి పంచేస్తుంది. బంపరు ప్లాస్టిక్, వేడి అక్కడే కూర్చుంటుంది. రేకు మీద తిప్పినట్టే బంపరు మీద తిప్పితే రంగు పైనుండే పారదర్శక పొర, క్లియర్, మెత్తబడి ప్యాడుకి లాక్కుంటుంది. నీ షెడ్డుకి వచ్చే బంపర్లలో అలాంటివి ఎన్నో నీకే తెలుసు.

మేస్త్రి: (నవ్వి) తెలుసు. బంపరు మీద వెయ్యికి మించి పెట్టను. చెయ్యి ఆనిస్తే గోరువెచ్చగా ఉండాలి. చెయ్యి వెనక్కి తీసుకున్నానంటే ఆపేయడమే. ఇక డోరు మడతలు, బానెట్ గీర, వీలార్చి అంచు, వీటి మీద పెయింటు అసలే పల్చన. గన్నుతో కొట్టినప్పుడే తడి పెయింటు మొన మీంచి అటూ ఇటూ జారిపోతుంది. ప్యాడు బరువంతా ఆ మొన మీదే నిలుస్తుంది. అందుకే ముందు టేపు, తర్వాతే మిషను. టేపు కొట్టని మేస్త్రిని నేను మేస్త్రి అనను.

కుర్రాడు: అదిగో, నువ్వు టేపు అంటున్నావు, నేను పెయింటు మందం కొలిచే మీటరు అంటున్నాను. రెండూ ఒకే భయం.

మేస్త్రి: మీటరు! మేం ఎన్‌సీ కొట్టిన రోజుల్లో మీటరు ఎక్కడుందిరా? అంబాసిడర్లు, పద్మినీలు. గన్నులోంచి పడగానే మసకగా ఉండేది. ఒక చేయి, రెండో చేయి, అలా ఏడెనిమిది చేతులు కొట్టి, ఆరాక వాటర్ పేపరు, ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండు. మెరుపు గన్నులోంచి వచ్చేది కాదు, రుద్దితే వచ్చేది. అలా రుద్దిన చేతులివి.

(మేస్త్రి చెప్పే ఎన్‌సీ అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ దాన్ని డ్యూకో పేరుతో 1920లలో కార్లకు తెచ్చింది. ఆ కంపెనీ రంగు మానేసినా మన షెడ్ల బోర్డుల మీద ‘డ్యూకో పెయింటింగ్’ ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ పెయింటుకి రుద్దుడు పనిలో భాగం. రోటరీ మీద మేస్త్రుల నమ్మకం అక్కణ్నుంచి వచ్చింది, అందులో అన్యాయం ఏమీ లేదు.)

కుర్రాడు: ఎన్‌సీలో పై నుంచి కింద దాకా ఒకటే రంగు బాబాయ్, ఎంత రుద్దినా కింద అదే రంగు ఉండేది. ఇప్పుడు కంపెనీ నుంచి వచ్చే బండికి ప్రైమరు, రంగు, క్లియర్ అన్నీ కలిపి నూరు నుంచి నూట నలభై మైక్రాన్లు. అందులో క్లియర్ ముప్పై అయిదో, యాభయ్యో. తల వెంట్రుక మందం డెబ్బై అనుకుంటే దానికంటే పల్చన. మెరుపంతా దానిదే. కింద రంగుకి ఎండ తగలకుండా కాసే మందు కూడా అందులోనే ఉంది. టాపు మీద తెల్లగా పొట్టు లేచిపోయిన పాత కార్లు రోడ్డు మీద చూస్తున్నాంగా. ఒక్కసారి గట్టిగా దిద్దితే రెండు మూడు మైక్రాన్లు పోతాయి. ఆ పోయింది మళ్లీ పెరగదు.

మేస్త్రి: మేం పాలిష్ చేసిన పీయూ (పాలీయురెథేన్ పెయింటు) బళ్లు పొట్టు లేవలేదే!

కుర్రాడు: లేవలేదు. ఎందుకంటే నీ చేతి కింద ఎక్కడైనా అంటుకుపోయినా, రంగు బయటపడినా, నీ దగ్గర గన్ను ఉంది. సాయంత్రానికి ఆ ప్యానెల్ కొట్టేసి ఇస్తావు. కస్టమరుకి తెలియదు, నీకూ పెద్ద నష్టం లేదు. నా దగ్గర గన్ను లేదు. నేను కాలిస్తే బండి నీ షెడ్డుకి రావాలి, డబ్బు నా జేబులోంచి పోవాలి.

ఈ మాటకి మేస్త్రి కాసేపు మాట్లాడలేదు. నా ఉద్దేశంలో మొత్తం వాదనలో బరువైన మాట ఇదే. రోటరీ పుట్టి పెరిగిన ఇల్లు పెయింటు షెడ్డు. అక్కడ పొరపాటు సరిదిద్దే సరంజామా పక్కనే ఉంటుంది. అదే మిషను గన్ను లేని వాషింగ్ సెంటరుకి చేరినప్పటి నుంచీ కార్లకి గ్రహచారం పట్టింది.

మేస్త్రి: అది నిజమే అనుకో. కానీ నీ మీటరు మాత్రం అంత గొప్పదా? అది క్లియర్ ఎంతుందో చెబుతుందా, మొత్తం ఎంతుందో చెబుతుందా?

కుర్రాడు: మొత్తమే. ఇనుప రేకు మీద అయస్కాంతంతో చూస్తుంది, అల్యూమినియం మీద ఎడ్డీ కరెంటుతో. ప్లాస్టిక్ బంపరు మీద ఏమీ చెప్పలేదు. పొర పొరకీ విడిగా చెప్పేవి అల్ట్రాసౌండ్ రకం, చాలా ఖరీదు.

మేస్త్రి: ఒకటి రెండు మైక్రాన్ల తేడా చూపిస్తుందా?

కుర్రాడు: అంకె చూపిస్తుంది, నమ్మలేం. పెట్టిన చోటే మళ్లీ పెడితే రెండు మైక్రాన్లు అటూ ఇటూ వస్తుంది.

మేస్త్రి: మరింకేం! నువ్వు ఎంత తీశావో నీ మీటరుకే తెలియదు.

కుర్రాడు: ఎంత తీశానో తెలియదు, ఎక్కడ తీయకూడదో తెలుస్తుంది. బండంతా నూట పదిహేను ఉండి ఒక్క చోట ఎనభై ఉంటే, అక్కడ నాకు ముందే ఎవడో రుద్దేశాడని అర్థం. రెండొందలు దాటితే మళ్లీ పెయింటు పడిందని. అయిదారొందలు దాటితే కింద పుట్టీ. ఆ మాత్రం చాలు.

మేస్త్రి: సరే, అది ఒప్పుకున్నాను. ఇప్పుడు నేనడిగేది చెప్పు. నేను కొట్టిన ఈ డోరు చూడు. క్లియర్ మీద అక్కడక్కడా దుమ్ము పడింది, నారింజ తొక్కలా గరుకు లేచింది. పదిహేను వందల పేపరు వేసి, రెండు వేలతో ముగించాను. డోరంతా తెల్లగా మసకబారింది. దీన్ని నీ ఊగే మిషనుతో తెప్పించు మెరుపు, చూద్దాం.

కుర్రాడు: మూడు వేల డిస్కు వేసి, మైక్రోఫైబర్ ప్యాడు పెట్టి, గట్టి కాంపౌండుతో...

మేస్త్రి: ఎంతసేపు?

కుర్రాడు: ...చాలాసేపు.

మేస్త్రి: నాకు పది నిమిషాలు. ఉన్ని ప్యాడు పోగు పోగూ ఒక కత్తే. పేపరు గీతలు తీయడానికి దాన్ని మించింది ఇంకా పుట్టలేదు. హ్యాండిలు కింద గుంటలో, పిల్లరు మీద నీ పెద్ద ప్యాడు దూరదు. వంపు మీద పెడితే తిరగడం ఆగిపోయి ఊరికే వణుకుతుంది. ఇందాక నుంచీ చూస్తున్నా, ఫెండరు వంపు మీద ఆగిపోయింది.

కుర్రాడు: చూశావా! అందుకే ప్లేటు అంచున నల్ల మార్కరుతో గీత పెట్టుకున్నా. గీత తిరుగుతుంటే పనవుతోందని, నిలబడిపోతే ఊరికే రుద్దుతున్నానని లెక్క. ఊగుడు ఎంత ఎక్కువైతే వంపుల మీద అంత త్వరగా ఆగిపోతుంది. అలాంటి చోట మూడంగుళాల చిన్నది వాడతా.

మేస్త్రి: ఇంకోటి. సాయంత్రానికి నీ చేతులు ఎలా ఉంటున్నాయి?

కుర్రాడు: తిమ్మిరి.

మేస్త్రి: నా రోటరీ మూడు కిలోలుంది, మోయాలి. కానీ వణకదు. గిర్రున తిరిగేది సాఫీగా తిరుగుతుంది, ఊగేది ఎముకల దాకా ఊపుతుంది. ఇరవై ఏళ్లు ఆ మిషను పట్టాలనుకుంటే ఇప్పట్నుంచే చేతులు చూసుకో. వేళ్లు నొప్పి పుట్టాక ఏ మిషనూ పట్టలేవు.

(కుర్రాడు దీనికి జవాబు చెప్పలేదు. చెప్పడానికి పెద్దగా లేదు కూడా. వణికే పనిముట్లు ఏళ్ల తరబడి పడితే వేళ్లలో రక్తం, నరాలు దెబ్బతింటాయన్నది వైద్యులు గుర్తించిన జబ్బే. మంచి ఆర్బిటల్‌లో తూకం బిళ్లలు సరిగ్గా కుదిరి వణుకు తక్కువ, చవక రకంలో ఎక్కువ. చవక రోటరీ పెయింటుకి ముప్పు, చవక ఆర్బిటల్ మనిషికి ముప్పు.)

కుర్రాడు: రెంటికీ మధ్యలో ఒకటుంది బాబాయ్. ఊగుతుంది, కానీ పళ్ల చక్రాలతో బలవంతాన తిరుగుతుంది కాబట్టి వంపు మీద ఆగదు. జర్మనీ ఫ్లెక్స్ వాళ్లది ఉంది. మకీటాలో పీఓ ఐదు వేలు అని ఒకటుంది, మీట నొక్కితే మామూలు ఊగుడు, ఇంకో వైపు నొక్కితే బలవంతపు తిరుగుడు.

మేస్త్రి: ఒకసారి పట్టి చూశా. చెయ్యి ఒక పక్కకి లాగేస్తుంది, రోటరీ అంత కోయదు, నీ దానంత మెత్తగానూ లేదు. రెంటికీ చెడ్డ రేవడు.

కుర్రాడు: అంత మాట అనకు. నీకు రోటరీ అలవాటు, నాకు ఇది అలవాటు. ఏదీ అలవాటు లేనివాడికి అదే మంచిది కావచ్చు.

మేస్త్రి: మాటలెందుకు, బానెట్ మధ్యన టేపు వెయ్యి. కుడి నీది, ఎడమ నాది.

రెండడుగుల చదరం టేపుతో రెండుగా చీలింది. అప్పటికే బండి కడిగి, ఇనుప రజను కరిగించే ద్రవం కొట్టి, క్లే బారు రుద్ది ఉంచారు. ఆ మూడూ చేయకుండా మిషను పెడితే ఉన్న దుమ్మునే పెయింటులోకి రుద్దినట్టు. బండి నీడలోనే ఉంది. మే నెల బెజవాడ ఎండలో నల్ల బానెట్ మీద కాంపౌండు పెడితే రెండు చుట్లకే ఎండి పొడవుతుంది. మేస్త్రి వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకుని, చొక్కా అంచు లోపలికి దోపుకుని మొదలెట్టాడు. తిరిగే రోటరీకి వైపరో, గుడ్డపీలికో చిక్కితే ఏమవుతుందో చూసినవాడి జాగ్రత్త అది. చెయ్యి ఎక్కడా ఆగలేదు. అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ప్రతి చాలూ వెనకటి చాలు మీద సగం పడుతూ. కుర్రాడు ఫోమ్ ప్యాడుతో నెమ్మదిగా, సెకనుకి అంగుళం చొప్పున నడిపాడు. మేస్త్రి తన సగం ముగించి టీ తాగి వచ్చేసరికి కుర్రాడిది ఇంకా నడుస్తోంది.

మేస్త్రి: చూడు, నా వైపు ఒక్క గీత లేదు. అద్దం.

కుర్రాడు: ఒక్క నిమిషం బాబాయ్. స్పిరిట్ కొట్టి తుడవనీ. కాంపౌండులో నూనె ఉంటుంది, గీతల్లో కూర్చుని దాచేస్తుంది.

తుడిచి బండిని ఎండలోకి తోశారు. మేస్త్రి వైపు లోతు గీతలన్నీ పోయాయి, ఎండ వాలుగా పడ్డప్పుడు సన్నటి చారలు మాత్రం కదిలాయి. కుర్రాడి వైపు చారలు లేవు, నలుపు లోతుగా ఉంది, నాలుగైదు లోతు గీతలు మాత్రం అలాగే ఉన్నాయి.

మేస్త్రి: ఇంకా అయిపోలేదురా! ఇది మొదటి చేయి. ఇప్పుడు మెత్తటి ఫోమ్ ప్యాడు వేసి, సన్న పాలిష్ పెట్టి, తొమ్మిదొందల్లో, ప్యాడు వంచకుండా, బరువు వేయకుండా...

అలాగే చేశాడు. మళ్లీ స్పిరిట్, మళ్లీ ఎండ. చారలు లేవు. కుర్రాడు టార్చి పెట్టి మూడు వైపుల నుంచి వెతికాడు.

కుర్రాడు: లేవు. కానీ బాబాయ్, నిజం చెప్పు, ఈ రెండో చేయి ఎంతమంది వేస్తారు?

మేస్త్రి: ...వేయరు. మైనం పూసి ఇచ్చేస్తారు.

కుర్రాడు: అదీ సంగతి. మైనం నాలుగు వాషింగులకి పోతుంది, చారలు బయటకొస్తాయి. అప్పటికి డబ్బు తీసుకున్నవాడు దొరకడు. నువ్వు చేసినట్టు చేసేవాడు ఊరికి ఒకడు ఉంటాడు. అందరూ నీలా చేయగలరనుకుని మిషను ఎంచుకోలేం కదా.

మేస్త్రి: అలాగని అందరూ చేతకానివాళ్లే అనుకుని ఎంచుకుంటావా?

కుర్రాడు: ఎనభై మైక్రాన్ల టాపు ముందు నిలబడితే, అవును, అలాగే అనుకుంటా.

మేస్త్రి: నీ వైపు మిగిలిన ఆ లోతు గీతల మాటేంటి? యజమాని డబ్బిస్తున్నాడు, గీతలు పోవాలన్నాడు.

కుర్రాడు: గోరు ఆనించి చూడు. గోరు చిక్కితే అది క్లియర్ సగం దాకా దిగినట్టే. దాన్ని పూర్తిగా తీయాలంటే చుట్టూ ఉన్నదంతా ఆ లోతుకి దించాలి. గీత అంచుల పదును తీస్తే చాలు, ఎండలో మెరవదు. మిగతాది వదిలేస్తా.

మేస్త్రి: (తల ఊపి) ఆ మాట నేను కూడా చెబుతా కస్టమర్లకి. వినరు. పెళ్లికి బండి కావాలి, కొత్తదానిలా ఉండాలి అంటారు. ఇంకా ఘోరం ఏంటంటే, కొందరు సర్వీసుకి వెళ్లిన ప్రతిసారీ ‘రబ్బింగ్ పాలిష్’ అని బిల్లులో వేయించుకుంటారు. ఏడాదికి రెండుసార్లు. నా రోటరీనీ నీ ఆర్బిటల్‌నీ పక్కన పెట్టు, ఆ ఏడాదికి రెండుసార్లే బండి పెయింటుని తినేస్తోంది.

ఇక్కడ ఇద్దరూ ఒక వైపుకి వచ్చారు. బండ్లన్నీ ఒకే రకం పెయింటుతో రావన్నది కూడా ఇద్దరికీ తెలుసు. మెర్సిడెస్ 2003 చివర్లో తెచ్చిన గట్టి క్లియర్ మీద మెత్తటి ఫోమ్ ప్యాడు పెడితే పెట్టిన గుర్తు కూడా ఉండదు. కొన్ని జపాన్ బండ్ల నల్ల పెయింటు మీద గుడ్డ గట్టిగా తుడిచినా గీత పడుతుంది. గట్టి దానికి రోటరీ పెట్టి, మెత్తదానికి ఆర్బిటల్ పెట్టాలని ఒక సూత్రం కొందరు చెబుతారు. నాకది సగం నిజంలా తోస్తుంది. మిషను మార్చడానికి ముందు ప్యాడు మార్చి చూడాలి, ఆ తర్వాత కాంపౌండు మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతే మిషను. చాలామంది వరస తలకిందులు చేసి ముందు కొత్త మిషను కొంటారు, ఎందుకంటే కొనడానికి అదే సరదాగా ఉంటుంది.

మేస్త్రి: సరే, మీటరు తే. ఎక్కడెంత ఉందో చదువు.

కుర్రాడు: బానెట్ నూట పద్దెనిమిది. కుడి డోర్లు నూట పన్నెండు, నూట ఇరవై. డిక్కీ నూట పదహారు. టాపు ఎనభై నాలుగు, వెనక మూల ఎనభై ఒకటి. నువ్వు కొట్టిన డోరు రెండొందల ముప్పై.

మేస్త్రి: టాపు ముట్టుకోవద్దు.

కుర్రాడు: మెత్తటి ప్యాడుతో ఒక్క సన్న చేయి అనుకున్నా...

మేస్త్రి: వద్దన్నా. ఎండ నేరుగా పడేది టాపు మీదే. ఉన్న క్లియర్ ఉండనీ. చేత్తో మైనం పెట్టి వదిలెయ్యి. టాపు మీద గీతలు చూడాలంటే నిచ్చెన ఎక్కాలి, ఎవడెక్కుతాడు! బానెట్, కుడి డోర్లు, డిక్కీ నీ మిషనుతో చేసుకో, ఒక్క చేయి. నా డోరు నేను ఉన్ని ప్యాడుతో తెస్తా, ఆఖరు చేయి నువ్వు వెయ్యి. అప్పుడు బండంతా ఒకే మెరుపులో ఉంటుంది. బంపర్లకి నీదే, చిన్న ప్యాడు.

కుర్రాడు: సిరామిక్ రేపు మొదలెట్టనా?

మేస్త్రి: డోరు వదిలేసి మిగతాది మొదలెట్టు. డోరు పీయూ, మొన్న కొట్టింది. లోపల థిన్నరు ఇంకా బయటికి పోవాలి. పైన మూత పెట్టావంటే లోపల ఉడుకుతుంది. కనీసం నెల ఆగి రమ్మను.

కుర్రాడు: ఒకేసారి అంతా అయిపోవాలంటాడు.

మేస్త్రి: ఫోను చెయ్యి, నేను మాట్లాడతా.

మేస్త్రి మాట్లాడాడు. టాపు మీద గీతలుంటాయని, ఎందుకుంటాయో అంకెలతో సహా చెప్పాడు. డోరుకి కోటింగు నెల తర్వాత ఉచితంగా వేస్తామన్నాడు. ఆ మాట ఇచ్చింది మేస్త్రి, ఖర్చు కుర్రాడిది. కుర్రాడు గొణిగాడు గానీ కాదనలేదు. ప్యానెల్ ప్యానెల్‌కీ మీటరు అంకెలు బిల్లు వెనక రాసిచ్చారు.

మీ బండి ఎవరికైనా పాలిష్‌కి ఇస్తే, అతను రోటరీ వాడతాడా ఆర్బిటల్ వాడతాడా అని తర్వాత అడగవచ్చు. ముందు మీటరు పెట్టి అంకెలు రాసివ్వమనండి, పని అయ్యాక స్పిరిట్‌తో తుడిచి ఎండలో చూపించమనండి. ఈ రెంటికీ సరే అనని షెడ్డులో తాళం ఇవ్వకండి.